తగిలించినవాడే తియ్యాలి

4 ఆగస్టు 2025, సోమవారం

లాబ్ రిజిస్టర్ వేరు, ఈ పుస్తకం వేరు. రిజిస్టర్‌లో ఇంగ్లీషులో రాస్తాను: హెడ్‌సెట్లు ఎనిమిది, ఛార్జ్ ఎంతుంది, అద్దాలు తుడిచానా లేదా. ఈ కాలేజీలో చేరిన తొమ్మిదేళ్ళలో ఒక్క రోజూ రాయడం మానలేదు.

ఇది మాత్రం తెలుగులో. మా ఇంట్లో తెలుగు చదవగలవాణ్ణి నేనొక్కణ్ణే. నా భార్య శాంతాదేవి మాట్లాడుతుంది కాని చదవదు. కూతురు ప్రియకు వింటే అర్థమవుతుంది, కొంచెం మాట్లాడుతుంది, అంతే. ఈ మలేషియాలో, సుంగై పెటానిలో తెలుగు బడి మూతపడ్డాక అక్కడ మిగిలిన వాచకాలు ఇంటికి తెచ్చుకుని ముప్పయ్యేళ్ళు దాటాక నేర్చుకున్నాను. ఈ పుస్తకాన్ని బల్ల మీద తెరిచి పెట్టినా తాళం వేసినట్టే.

ఎందుకు మొదలుపెట్టానంటే, ఈ రోజు నేను ఒకదానికి సరేనన్నాను. ఎలా అన్నానో నాకే తెలియడం లేదు.

వీణ మేడం లాబ్‌కు వచ్చారు. విజయవాడ నుంచి వచ్చి రెండేళ్ళయింది. ఇంజినీరింగ్ పిల్లలకు మనుషులతో మాట్లాడటం నేర్పే క్లాసు ఆవిడది. పిల్లలు హెడ్‌సెట్ పెట్టుకుంటే గది గదిలాగే కనబడుతుంది, బల్ల బల్లే, కుర్చీ కుర్చీయే. మధ్యలో ఒక మనిషి మాత్రం అదనంగా నిలబడి ఉంటాడు. పేరు మణియం, ముసలి ఫిట్టర్. పిల్లలు అతనితో మాట్లాడాలి. ఇన్నాళ్ళూ మణియం తరఫున కంప్యూటరే జవాబులు చెప్పేది. పోయిన వారం ఒక పిల్ల "భోంచేశారా అంకల్?" అని అడిగితే మంటలార్పే పద్ధతి మొత్తం అప్పజెప్పాడట.

"నారాయణసామి గారూ, అది బాగయ్యేదాకా మీరు వెనక గదిలో కూర్చుని మణియంగా మాట్లాడతారా? గొంతు మారిపోతుంది. మీరని ఎవరికీ తెలియదు."

"నేనా? నేను మాట్లాడే మనిషిని కాను మేడం."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మాట్లాడని మనిషి చేత మాట్లాడించడమే వీళ్ళు నేర్చుకోవాలి. గలగలా మాట్లాడేవాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి ఏముంది?"

సరేనన్నాను.

5 ఆగస్టు

మేడం నిజంగా జరిగిన సంగతి ఒకటి కావాలన్నారు. "మీరు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు చేశారు కదా. ప్రమాదం ఏదైనా చూశారా?"

చెప్పాను. రబ్బరు గ్లవ్‌ల ఫ్యాక్టరీ. లైన్ మీద గొలుసుకు పింగాణీ చేతులు, అంటే గ్లవ్ అచ్చులు, వరసగా ఉంటాయి, వేలల్లో. అవి రబ్బరు పాలలో మునిగి లేచి ఓవెన్‌లోకి పోతాయి. ఓవెన్ లోపల గొలుసు పట్టు తప్పితే ఫిట్టర్ వెనక తలుపులోంచి దూరి సరిచేయాలి. దూరే ముందు స్విచ్ ఆపి, దాని మీద తన ఎర్ర ట్యాగ్ తగిలించాలి. దాని మీద అతని ఫొటో, పేరు ఉంటాయి. తగిలించినవాడే తియ్యాలి. మేనేజర్ అయినా ముట్టుకోకూడదు.

ఫిట్టర్ దేవరాజన్‌కు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ట్యాగ్ తగిలించకుండా లోపలికి దూరాడు. ఉదయం ఏడింటికి షిఫ్ట్ మారింది. నేను వచ్చేసరికి స్విచ్ మీద ట్యాగ్ లేదు. మూడు సార్లు పిలిచాను. జవాబు రాలేదు. స్విచ్ వేసి లైన్ నడిపించాను. వాడు లోపలే ఉన్నాడు.

పదహారేళ్ళ కిందట విచారణకు వచ్చిన ఆఫీసర్లకు ఇదే చెప్పాను, ఈ రోజు మేడంకూ ఇదే చెప్పాను. ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

మేడం కలం కింద పెట్టి, "మీకు కష్టమైతే వద్దు," అన్నారు. పర్వాలేదన్నాను. చనిపోయినవాడి పేరు కుమార్ అని మార్చారు. ప్రమాదం జరిగిన మర్నాడు కుర్ర ఇంజినీరు వచ్చి మణియాన్ని అడగాలి. తర్వాత ఏం జరిగిందో, తప్పెవరిదో ఒక పేజీ రాసివ్వాలి. అదే పరీక్ష.

7 ఆగస్టు

సరిచూద్దామని నేనూ ఒకసారి హెడ్‌సెట్ పెట్టుకున్నాను. బల్ల మీద నా స్క్రూడ్రైవర్ ఎక్కడిదక్కడే ఉంది. పక్కనే మణియం. నీలం డ్రస్సు, నెరిసిన జుట్టు. మేడం వెనక గదిలోంచి "హలో" అన్నారు. ఆ మాట మగగొంతుతో అతని నోట్లోంచి వచ్చింది. అతను నా వైపు రెండడుగులు వేశాడు. నేను గోడకు ఆనుకుని దారి ఇచ్చాను.

లేని మనిషికి దారి ఇచ్చాను. ఇంటికి వచ్చి అన్నం తింటున్నా అదే ఆలోచన.

11 ఆగస్టు

మొదటి రోజు. ముగ్గురు. పరీక్ష మలాయిలో జరుగుతుంది. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

యోగేశ్వరన్ అనే కుర్రాడు వస్తూనే, "అంకల్, భయపడకండి లా. నేనున్నానుగా!" అని, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా, మణియం భుజం తట్టబోయాడు. చెయ్యి భుజంలోంచి దూరి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పదకొండు నిమిషాలు అతనే మాట్లాడాడు. నా వంతుకు నాలుగు మాటలు దక్కాయి. చివర్లో, "మీతో మాట్లాడితే చాలా తెలిసింది అంకల్," అన్నాడు. వెనక గదిలో నాకు నవ్వొచ్చింది. మైకు ఆపి నవ్వాను.

ముగ్గురూ రాసింది ఒకటే. కుమార్ ట్యాగ్ తగిలించలేదు. తప్పు కుమార్‌ది.

12 ఆగస్టు

హెడ్‌సెట్లు ఎనిమిది. అన్నీ ఛార్జ్ అయ్యాయి. ఆ రోజు నేను పిలిచాను.

17 ఆగస్టు

కామాచ్చక్క కరివేపాకు తెచ్చి ఇచ్చింది. దేవరాజన్ తల్లి. మా ఇంటికి రెండు గుమ్మాల అవతల ఉంటుంది. కంట్లో పొర పెరిగింది. గోడ పట్టుకుని వచ్చింది.

"పెద్దల అమాస వొస్తంది. ఈయేడు కొబ్బరికాయలు నువ్వే తేవాలి నారాయణా."

"తెస్తానక్కా."

"ఆడికి గుమ్మడికాయ కూర ఇష్టం. ఇష్టమని సేస్తాను గానీ సేస్తున్నంతసేపూ తిట్టుకుంటాను. అట్టముక్క ఒకటి తగిలించడానికి ఏటి బరువొచ్చిందిరా నీకు, అని."

ప్రతి ఏడూ అంతే. మావాళ్ళలో ఆ రోజు ఆకులో వడ్డించాక గుమ్మంలో నిలబడి, పోయినవాళ్ళను పేరు పెట్టి మూడు సార్లు పిలవాలి. మగవాళ్ళు పిలుస్తారు. ఆ ఇంట్లో మగవాళ్ళు లేరు. అక్కే పిలుస్తుంది. పిలుపుతో పాటే తిట్లు. మా ఇంటిదాకా వినబడతాయి. నేను ఆ సమయానికి రేడియో రిపేరు ఏదో పెట్టుకుంటాను.

24 ఆగస్టు

ప్రియకు ఇంటర్న్‌షిప్ రాలేదు. ఇంటర్వ్యూలో నోరు విప్పలేదన్నారట. మూడో సంవత్సరం మెకానికల్, మా కాలేజీలోనే. మార్కులు మంచివే.

శాంతాదేవి కంచాలు పెడుతూ అంది: "తండ్రికి నోరు నేదు, కూతురికి నోరు నేదు. ఈ ఇంట్లో నాను ఫ్రిజ్‌తో మాటాడుకోవాలి. అదైనా బుర్రుమంటాది."

"అమ్మా, చాలు లా," అంది ప్రియ.

"సూసినావా, రెండు మాటలు. పండగే ఈయాల."

ముగ్గురం నవ్వాం. ప్రియ నవ్వు తొందరగా ఆగింది. వీణ మేడం పరీక్షలో మంచి మార్కు వస్తే ఇంకో కంపెనీకి మేడమే ఉత్తరం రాస్తారట. "అందులో ఎవరో ముసలాయన ఉంటాడంట నాన్నా. చాలా కష్టం లా. నాకు ఏం అడగాలో తెలీదు."

"నిదానంగా అడుగు," అన్నాను. ఆ ముసలాయన నేనేనని చెప్పలేదు.

25 ఆగస్టు

ప్రియ వంతుకు ఇంకెవరినైనా మణియంగా కూర్చోబెట్టమని మేడంను అడిగాను. "గొంతు మారుతుంది కదా నారాయణసామి గారూ. మార్కులు వేసేది నేను. మధ్యలో మనిషిని మారిస్తే మిగతావాళ్ళకు అన్యాయం," అన్నారు. నిజమే. నేను ఇంకొక మాట అని ఉండవలసింది.

28 ఆగస్టు

పద్నాలుగు మంది అయ్యారు. కొందరు ఆఫీసర్లలా గద్దించారు. ఒక పిల్ల మణియాన్ని చూసి ఏడ్చేసింది. ఒకడు చేతిలో కాగితం పెట్టుకుని చదివాడు. అందరూ చివరికి అక్కడికే వచ్చారు. "అయితే కుమార్ ట్యాగ్ పెట్టలేదు, అంతేనా?"

"అంతేనండి," అన్నాను. పద్నాలుగు సార్లు అన్నాను. పదహారేళ్ళ కిందట నేను ఆ మాట అననే లేదు. మేనేజర్ "ట్యాగ్ లేదు కదా?" అని అడిగితే ఆఫీసర్ల ముందు తలూపాను. అంతే చేశాను. ఇప్పుడు నోటితో అంటున్నాను, వేరేవాడి గొంతుతో. అది ఎంత తేలిగ్గా వస్తోందో చూసి నిర్ఘాంతపోయాను.

ఆఫీసర్లను స్విచ్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించినప్పుడు అక్కడ ట్యాగ్ లేదు. అది నిజం. అందరూ చూశారు.

2 సెప్టెంబర్

అల్మారా మీద పదహారేళ్ళుగా ఉన్న బిస్కెట్ డబ్బా దించాను. మూత తీశాను. పెట్టేశాను.

4 సెప్టెంబర్

దేవరాజన్ మరిచిపోయే మనిషి. ఇది మాత్రం నేను కల్పించింది కాదు. ప్రమాదం జరిగిన వారంలోనే, దానికి ముందు, రెండు సార్లు పని అయ్యాక ట్యాగ్ స్విచ్ మీదే వదిలేసి ఇంటికి వెళ్ళాడు. ఫోన్ చేసి పిలిపించాలి. వాడు మోటార్‌సైకిల్ మీద వచ్చేదాకా లైన్ ఆగాలి, సూపర్‌వైజర్ కేకలు. రెండో సారి నేనే తీసి జేబులో వేసుకున్నాను. మర్నాడు టీ దగ్గర ఇస్తే, "అన్నా, నువ్వు నా పాలిట దేవుడివి," అని దండం పెట్టాడు.

మేలు చేశాననుకున్నాను.

9 సెప్టెంబర్, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాయాలి. కాని వరస తప్పకుండా రాయగలనో లేదో.

ఉదయం పదిన్నర. ఇరవై నాలుగో విద్యార్థి. చివరిది. నేను వెనక గదిలో. నా వైపు నుంచి అద్దంలోంచి వాళ్ళు కనబడతారు, వాళ్ళకు నేను కనబడను. మేడం లాబ్‌లో ఒక మూల కూర్చుని రాసుకుంటున్నారు.

ప్రియ హెడ్‌సెట్ పెట్టుకుంది. నేను నేర్పినట్టే ముందు పట్టీ, తర్వాత నుదుటి దగ్గర మర. మణియం కనబడగానే తల వంచి దండం పెట్టింది. తర్వాత అక్కడున్న అసలు కుర్చీని అతని కోసం లాగింది. ఇరవై ముగ్గురిలో ఎవరూ చెయ్యలేదు ఆ పని. మణియానికి కూర్చోవడం రాదు, అలా తయారుచేయలేదు. నిలబడే ఉన్నాడు. అది చూసి తన కుర్చీ కూడా పక్కకు జరిపేసి తనూ నిలబడింది.

"భోంచేశారా అంకల్?"

"చేశాను."

"ఇక్కడ ఎన్నేళ్ళు?"

"ఇరవై."

"కుమార్ మీకు బాగా తెలుసా?"

ఇది కూడా ఎవరూ అడగలేదు. "తెలుసు," అన్నాను. "మంచివాడు. మరిచిపోతుంటాడు."

"నాకు తెలిసిన అన్న ఒకడు కూడా అలాగే ఉండేవాడు," అంది. "మోటార్‌సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. తాళం చెవి ఎప్పుడూ మరిచిపోయేవాడు."

దేవరాజన్ పోయినప్పుడు తనకు ఐదేళ్ళు. తనకు గుర్తుందని నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

అక్కడే ఆపేయవలసింది. కరెంటు పోయిందని అనవలసింది. నేను చదువుకున్న పాఠంలాగా చెప్పేశాను: వచ్చేసరికి ట్యాగ్ లేదు, మూడు సార్లు పిలిచాను, జవాబు రాలేదు. మిగతావాళ్ళైతే ఇక్కడ ట్యాగ్ సంగతి పట్టుకుంటారు. ప్రియ పట్టుకోలేదు. కొంచెం ముందుకు వచ్చి అడిగింది.

"ఏమని పిలిచారు?"

అర్థం కానట్టు మైకు సర్దుకున్నాను.

"ఏమని పిలిచారు అంకల్? పేరుతోనా? ఏమన్నారు?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. కుమార్ అని పిలిచాను అంటే అయిపోయేది. పదహారేళ్ళుగా మూడు సార్లు పిలిచాను అని నాకు నేను చెప్పుకుంటున్నాను కాని, ఆ పిలుపులో మాటలేమిటో ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. వెతికాను. లోపల ఏమీ లేదు. లైన్ ఆగి ఉంది, పింగాణీ చేతులు కదలకుండా వేలాడుతున్నాయి, సూపర్‌వైజర్ అవతల నుంచి చెయ్యి ఊపుతున్నాడు. నేను కేకలు వేసే మనిషిని కాను. ఎప్పుడూ కాను.

అద్దం అవతల ప్రియ కదల్లేదు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. గొంతు సవరించుకోలేదు, కాగితం చూసుకోలేదు. మణియం ముఖంలోకి చూస్తూ నిలబడింది. అలా ఎంతసేపు నిలబడిందో తెలియదు.

నా నోట వచ్చింది మలాయి కాదు.

"పిలవనేదమ్మా."

మణియం నోట్లోంచి, మణియం గొంతుతో, మా ఇంటి మాట. మేడం చేతిలో కలం ఆగిపోయింది. ఈ కాలేజీలో ఆ మాట అర్థమయ్యేది ముగ్గురికే. ముగ్గురం అక్కడే ఉన్నాం.

ప్రియ కూడా తెలుగులోనే అడిగింది. తనకు వచ్చిన కొంచెంతో. "ట్యాగ్ ఎక్కడ ఉంది?"

"నా జేబులో. స్విచ్చి మీద ఉన్నాది. నానే తీసినాను. మర్సిపోయి టీకి ఎల్లినాడనుకున్నాను."

హెడ్‌సెట్ తీసింది. నేను నేర్పినట్టే అద్దాలు పైకి ఉండేలా బల్ల మీద పెట్టింది. అద్దం వైపు చూసింది. ఆ వైపు నుంచి తనకు తన ముఖమే కనబడుతుంది. నేనున్న గది తలుపు తెరుస్తుందనుకున్నాను. తెరవలేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం నా మోటార్‌సైకిల్ వెనక ఎక్కలేదు. షామిని అనే స్నేహితురాలి కారులో ఇంటికి వెళ్ళిందట.

10 సెప్టెంబర్

హెడ్‌సెట్లు ఎనిమిది.

11 సెప్టెంబర్

వీణ మేడం తలుపు వేసి కూర్చోమన్నారు.

"మొన్న మీ ఇద్దరినీ చూసి నాకు నిద్ర పట్టలేదు. నారాయణసామి గారూ, మీరు చెప్పిన కథలో అది లేదు. ఎందుకు మార్చారు?"

"మార్చింది ముందే మేడం. మొన్న మార్చలేదు."

ఆవిడ సొరుగు తెరిచారు. "ఇరవై ముగ్గురు పిల్లలు చనిపోయినవాడిదే తప్పని సంతకం చేసి ఇచ్చారు. నేను మార్కులు వేశాను. శుభ్రంగా రాశారని." కాగితాల కట్ట బల్ల మీద తోశారు. "దీన్ని ఏం చెయ్యాలి నేను?"

కట్ట అంచులు సరిచేసి తిరిగి ఆవిడ ముందు పెట్టాను.

లేచేటప్పుడు ప్రియ రిపోర్టు చేతిలో పెట్టారు. ఎవరు ఎంతసేపు మాట్లాడారో, ఎంతసేపు ఆగారో మెషీన్ కొలుస్తుంది. అవతలివాడు మౌనంగా ఉంటే మిగతా పిల్లలు మూడు, నాలుగు సెకన్లలో మాట్లాడేశారు. ప్రియ పేరు ఎదురుగా నూట పన్నెండు సెకన్లు.

"నోరు విప్పదని ఆ కంపెనీవాళ్ళు వద్దన్నారట ఈ అమ్మాయిని," అన్నారు మేడం. "ఉత్తరం నేను రాస్తాను. దానికి మీరేమీ చెయ్యక్కర్లేదు. మీరు చెయ్యవలసింది వేరే ఉంది."

12 సెప్టెంబర్, శుక్రవారం, ఇక్కడ వారపు సెలవు

శాంతాదేవి బజారుకు వెళ్ళింది. మూడు రోజులుగా ప్రియ నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మాకు అలవాటే కనుక శాంతాదేవికి తేడా తెలియలేదు.

ప్రియ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ పుస్తకంలో ఏటి రాస్తావు నాన్నా?"

"లెక్కలు."

"సదువు."

చదివాను. ఆగస్టు నాలుగు నుంచి. 'ఉన్నది ఉన్నట్టే చెప్పాను' దగ్గర ఆగాను. కలం తీసి ఆ మాట కొట్టేయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టెయ్యకు. ఉండనీ. కింద రాయి."

కాబట్టి కింద రాస్తున్నాను. స్విచ్ మీద ట్యాగ్ ఉంది. దేవరాజన్ తగిలించాడు. నేను తీశాను. పిలవలేదు. లోపలి నుంచి ఒక చప్పుడు వచ్చాక లైన్ ఆపాను. ఆఫీసర్లు వచ్చినప్పుడు ట్యాగ్ నా చొక్కా జేబులో ఉంది. అది ఛాతీకి తగులుతూ ఉంది. తలూపాను.

చదవడం అయ్యాక ట్యాగ్ దాచిన బిస్కెట్ డబ్బా తెచ్చి ఇచ్చాను. ట్యాగ్ మీద ఫొటో చూసి ప్రియ, "చాలా చిన్నోడు లా నాన్నా. ఇంచుమించు నా వయసే," అంది. నేను దేవరాజన్‌ను ఎప్పుడూ పెద్దవాడిగానే అనుకున్నాను. నేను యాభై ఎనిమిదికి వచ్చాను, వాడు అక్కడే ఉన్నాడు.

"ఆ ఆఫీసర్ల కాడికి ఎల్తావా?"

"ముందు కామాచ్చక్కకు చెప్పాలి."

"ఎప్పుడు?"

పెద్దల అమావాస్య ఇరవై ఒకటిన, అన్నాను. ఎందుకు అంత ఆలస్యమని అడగలేదు. నావైపు చూసింది. మణియం వైపు చూసినట్టే చూసింది.

16 సెప్టెంబర్

శాంతాదేవికి చెప్పాను. పొయ్యి ఆపేసి కూర్చుంది. "ఆ యమ్మ ఇచ్చిన కరేపాకు ఏసి ఒండినాను ఇన్నేళ్ళు," అంది. ఈ ఇంట్లో మాట్లాడే మనిషి కూడా మాట్లాడటం మానేసింది.

19 సెప్టెంబర్

కొబ్బరికాయలు కొన్నాను. వెళ్ళకుండా పంపించేద్దామా అని ఒక గంట అనుకున్నాను. ఇది కూడా కొట్టెయ్యను.

21 సెప్టెంబర్, ఆదివారం

ఇక్కడ ఆదివారం పనిరోజు, కాలేజీకి సెలవు పెట్టాను. పదకొండింటికి నేనూ ప్రియా వెళ్ళాం. శాంతాదేవి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

కామాచ్చక్క ఇంట్లో ఫొటో కింద ఆకు వేసి ఉంది. గుమ్మడికాయ కూర, వడలు, పాయసం, గ్లాసులో మైలో చాక్లెట్ పాలు. అక్క కింద కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది.

"వొచ్చినారా. కూసోండి. పిలిసేసి తిందాం."

"అక్కా, ఒక మాట చెప్పాలి."

"తిన్నాక సెప్పు."

"తినకముందే చెప్పాలి."

ట్యాగ్ ఆమె ముందు పెట్టాను. అక్క దాన్ని తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది. ఒక పక్కకు తిప్పింది, ఇంకో పక్కకు తిప్పింది. బొటనవేలితో ఫొటో మీద రాసింది.

"ఇది ఆడిది."

"అవునక్కా."

"నీ కాడ ఎందుకున్నాది?"

"స్విచ్చి మీద తగిలించి ఉంటే నానే తీసినాను. ఆడు లోన ఉన్నాడు. నాకు తెలవదు. సూడనేదు, పిలవనేదు. లైను ఏసినాను. ఆఫీసర్లు అడిగితే ట్యాగ్ నేదని తలూపినాను."

ఇంత పొడుగు మాట నేను అక్కతో ఎన్నడూ అనలేదు. ఫ్యాన్ తిరుగుతోంది. నేను ఏదో అనబోయాను. ప్రియ నా మోచేయి పట్టుకుంది. ఆగాను.

"అయితే ఆడు తగిలించినాడు," అంది అక్క.

"తగిలించినాడు."

"మర్సిపోనేదు."

"మర్సిపోనేదక్కా."

అక్క ఏడవలేదు. కొడతుందనుకున్నాను, కొట్టలేదు. ఫొటో వైపు తిరిగి, "పదారేళ్ళు తిట్టినాను రా నిన్ను," అంది, పక్కనున్నవాడితో అన్నట్టు. తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు ఇన్నావు. రెండు గుమ్మాల అవతల కూసోని ఏటేటా ఇన్నావు."

"ఇన్నానక్కా."

గోడ పట్టుకుని లేచింది. ఫొటో కింద క్యాలెండర్ తగిలించే మేకు ఉంది. క్యాలెండర్ తీసి కింద పెట్టి ట్యాగ్ ఆ మేకుకు తగిలించింది. కన్ను సరిగా కనబడక రెండు సార్లు జారింది. ప్రియ సాయం చేయబోతే వద్దంది.

"కాయితం మీద నా కొడుకుదే తప్పని రాసినారు గదా. ఎక్కడ రాసినారో అక్కడికెల్లి మార్పించు. జైలే ఏస్తారో, ఏటి సేస్తారో, అది నీ పని. అది మారినాక దీన్ని నాను తీస్తాను. అందాకా ఇది ఇక్కడే ఉంటాది. నాను తగిలించినాను." ఆగి, నా ముఖంలోకి చూసింది. "నువ్వు ముట్టుకోకు."

"రేపే ఎల్తానక్కా. పాప కాయితం రాస్తాది, నాను సెప్తాను."

"రేపటి సంగతి రేపు. కూర సల్లారిపోతంది." గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "ఎల్లి పిలు."

"నానా?"

"ఆయేళ పిలవనేదన్నావు గదా. ఇప్పుడు పిలు."

గుమ్మంలో నిలబడ్డాను. ఎండ. ఎదురింటి కుర్రాళ్ళు మోటార్‌సైకిల్ కడుగుతున్నారు. మా గుమ్మంలో శాంతాదేవి నిలబడి ఉంది. మొదటిసారి పెదాలు కదిలాయి, గొంతు రాలేదు.

"ఇనబడనేదు," అంది అక్క లోపలి నుంచి.

వచ్చి తినిపో అని పిలవాలి. అదే పద్ధతి. నా నోట వచ్చింది అది కాదు.

"దేవరాజా! లోనున్నావేటిరా? లైను ఏస్తన్నాను, బయటికి రా."

మోటార్‌సైకిల్ కడిగేవాళ్ళు ఆపి చూశారు. మూడు సార్లు పిలిచాను.